ఎర్మెలిందా పూడ్చిన ఉన్ని

కింది ఊరి ఆదివారం సంతలో మా ఎర్మెలిందా గురించి ఒక మాట చెప్పుకుంటారు. నేను ఉన్ని దారం ఉండలు పరుచుకుని కూర్చుని ఉండగా, నా పక్కన వేయించిన మొక్కజొన్నలు అమ్మే ఆవిడ ఎదుటి ఉప్పు కొట్టావిడకి చెబుతుంటే విన్నాను.

"పై ఊళ్లో ఒక ముసలిది ఉందంట. చేతులు వణికి మగ్గం మీద కూర్చోలేక, బాగా నేసేవాళ్లని చూసి కుళ్లుకునేదంట. ఇంటింటికీ తిరిగి ఉన్ని పోగుచేసి గోతిలో పూడ్చేసిందంట."

"ఉన్నినా? శవం లేకుండానా?"

"శవం లేకుండానే. ఎవరి పేరు చెప్పి పూడ్చిందో మరి!"

"అమ్మో, వినకూడదు అట్లాంటివి."

"నమ్మకపోతే వెళ్లి చూసుకో. చుట్టూ చేలన్నీ పచ్చగా ఉంటాయి, పూడ్చిన చోట ఒక్క దుంప మొక్క ఉండదు. నేల కూడా చచ్చిపోయింది."

ఉప్పు కొట్టావిడ సిలువ గీసుకుంది. నా వైపు తిరిగి, "నువ్వు పై ఊరి పిల్లవేగా? నిజమేనా?" అని అడిగింది. పరాయివాళ్ల ముందు నాకు గొంతు పెగలదు. దారం ఉండలు సర్దుతూ తల వంచుకున్నాను. దాన్నే జవాబు అనుకుని ఇద్దరూ నిట్టూర్చారు.

మా కొండల్లో ఉన్ని మట్టిలోకి వెళ్లేది చనిపోయిన మనిషి ఒంటిమీద మాత్రమే. అది తప్ప ఒక్క పోగు కూడా పారేయం. గొర్రె కాళ్ల మీది ముతక ఉన్నితో తాళ్లు పేనుతాం. తాళ్లకి పనికిరానిది దిండ్లలో కూరతాం. దిండు చిరిగి రాలిపడింది గోడ పగుళ్లలో కుక్కి గాలి ఆపుతాం. అలాంటి చోట ఒక మనిషి బస్తాలకొద్దీ ఉన్నిని గోతిలో వేసి మట్టి కప్పితే, అది చావుని పిలవడమేనని ఎవరైనా అనుకుంటారు. మా ఊళ్లోనూ అనుకున్నవాళ్లున్నారు.

ఎర్మెలిందా మా ఊరికి రంగులమనిషి. ఆమె గోళ్ల చుట్టూ నీలం ఎప్పుడూ పోయేది కాదు. నాగజెముడు మీది పురుగుల్ని ఎండబెట్టి నూరి ఎరుపు తీయడం, ఆకులు ఉడికించి ఆకుపచ్చ తీయడం వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. రంగు ఉన్నికి పట్టి నిలవాలంటే కొల్పా అనే రాయి కావాలి. కొండమీద దొరుకుతుంది. మంచి కొల్పా ఏదో కంటికి తెలియదు, నాలుకకి ఆనించి చూడాలి. నోరు ముడుచుకుపోయేంత పులుపూ వగరూ ఉంటే మంచిది. ఆ విషయంలో ఊరంతా ఎర్మెలిందా నాలుకనే నమ్మేది. ఎవరింట్లో కాగు పొయ్యి మీదికెక్కినా ముందు ఆమెకి కబురు వెళ్లేది.

ఆమె భర్త కొండ మీది గనిలో పనిచేశాడు. దగ్గుతో ఇంటికి తిరిగొచ్చి, మరుసటి వానాకాలం చూడలేదు. పిల్లలు లేరు. తర్వాత గని కూడా మూతపడింది. యంత్రాలు తీసుకుపోయారు, రేకులు తీసుకుపోయారు. నీళ్లు మాత్రం కొండ కడుపులోంచి వస్తూనే ఉన్నాయి. ఆ వాగుని పుకాయాకు అంటాం, అంటే ఎర్రనీళ్లు. రాళ్ల మీద తుప్పురంగు జిగురు కట్టేది. ఆ నీళ్లు తాగిన గొర్రెపిల్లలకి కాళ్లు చచ్చుబడిపోయేవి. మందల్ని కొండకి అవతల వైపు ఊటకి తోలుకెళ్లేవాళ్లం. ఎండాకాలం ఆ ఊట దగ్గర ఊళ్లకి ఊళ్లే కొట్టుకునేవి.

అలాంటప్పుడు విశ్వవిద్యాలయం నుంచి రోసాల్బా అనే ఇంజనీరమ్మ వచ్చింది. చిన్నమనిషి, ఎత్తుకి అలవాటుపడక ప్రతి మాటకీ ఆగి ఊపిరి తీసుకునేది. గ్రామసభలో నిలబడి చెప్పింది. వాగుని ముందు సున్నపురాళ్ల మీదుగా పారించాలట. తర్వాత రెల్లు నాటిన మడుగులో నిలపాలట. చివర నీళ్లకి అడ్డంగా ముతక ఉన్ని తెరలు కట్టాలట. ఉన్నికి నీళ్లలో కరిగిన లోహాన్ని పట్టి ఉంచే గుణం ఉందట.

గ్రామపెద్ద ప్లాసిదో లేచాడు. "ఇన్నేళ్లూ మనకే చలి అనుకున్నాం. వాగుకి కూడా చలేస్తోందంట. స్వెట్టర్ తొడగమంటోంది ఇంజనీరమ్మ."

"చేతులుండాలా, చేతుల్లేందైనా పర్లేదా?" అంది కాసిల్దా. సభ అంతా నవ్వింది.

కాసిల్దా మా ఊరి నేతగత్తెల్లో పెద్దది. నోరూ పెద్దదే. ఆమె కూతురికి జ్ఞానస్నానమప్పుడు ఎర్మెలిందా జ్ఞానతల్లిగా నిలబడింది. అప్పటినుంచి ఇద్దరూ ఒకరినొకరు "కొమాద్రే" అనే పిలుచుకునేవాళ్లు. అక్కచెల్లెళ్ల కంటే దగ్గరి వరస అది.

ఆరోజు నవ్వనిది ఎర్మెలిందా ఒక్కతే. "ఉన్ని రంగుని పట్టుకుంటోంది కదా. తుప్పుని ఎందుకు పట్టుకోదు?" అంది. అంతే, తెరల పని ఆమె మీదే పడింది.

అందరం కాళ్ల ఉన్నీ పొట్ట ఉన్నీ ఇచ్చాం. కిత్తనారతో తాళ్లు పేని, వాటికి ఉన్ని జడల్ని వేలాడదీశాం. తెల్లగా ఉన్నవి రోజులు గడిచేకొద్దీ గోధుమరంగుకి, తర్వాత ఇటుకరంగుకి తిరిగాయి. ఎర్మెలిందా పొద్దున్నే వెళ్లి నిండిన జడలు విప్పి బస్తాలో వేసి, కొత్తవి కట్టేది. ఇంజనీరమ్మ సీసాల్లో నీళ్లు నింపుకుని వెళ్తూ వెళ్తూ, "తీసిన ఉన్ని అలాగే ఉంచండి, ఎవరూ వాడకండి, బండి తెచ్చి నేనే తీసుకెళ్తాను" అంది.

"ఇప్పుడర్థమైంది," అంది కాసిల్దా ఆమె వెళ్లాక. "ఈ తిప్పలన్నీ మన ఉన్ని ఊరకే కొట్టేయడానికి."

ఆ ఏడు వానలకి కొండచరియలు విరిగి దారి తెగిపోయింది. బండి రాలేదు, ఇంజనీరమ్మా రాలేదు. బస్తాలు ఎర్మెలిందా చూరు కింద పేరుకున్నాయి. ఊరి ఆడవాళ్లం అటుగా వెళ్లినప్పుడల్లా వాటిని చూసి బాధపడేవాళ్లం. అంత ఉన్ని ఊరికే పడి ఉండటం ఇంట్లో పాలు ఒలికిపోతుంటే చూస్తూ కూర్చున్నట్టుండేది.

ఒకరోజు ఎర్మెలిందా ఒక బస్తా విప్పింది. నేను అప్పుడు ఆమె వాకిట్లోనే దారం వడుకుతున్నాను. బడి మానేశాక పగలంతా అక్కడే ఉండేదాన్ని. ఒక జడ తీసి, కాస్త పోగు తెంపి, నాలుకకి ఆనించింది. కళ్లు మూసుకుంది. మళ్లీ ఆనించింది.

"కొల్పా," అంది. "పిల్లా, ఇది కొల్పా రుచే. ఈ ఉన్ని ముందే రాయిని తాగేసి ఉంది."

అదే పొరపాటు. రంగులవాళ్లు కాక మరొకరు చేయలేని పొరపాటు. మరొకరైతే ఆ తుప్పు చూసి దూరం పెట్టేవాళ్లు. ఎర్మెలిందా నాలుకకి అది బాగా తెలిసిన వస్తువు.

జడల్ని కడిగి దువ్వి, పురుగుల ఎరుపు వేసిన కాగులో ముంచింది. మామూలుగా వచ్చే ఎరుపు కాదు వచ్చింది. పండిన నేరేడు లోపలి రంగు, వెలుతురులో ఒకలా, నీడలో ఒకలా. కాసిల్దా వచ్చి ఒక జడని వెలుతురులోకీ నీడలోకీ తిప్పి తిప్పి చూసింది.

"కొమాద్రే," అంది చివరికి, "ఆ గని మన ఇళ్లలోంచి మగాళ్లని తీసుకుపోయింది. ఇన్నాళ్లకి ఏదో ఒకటి తిరిగిచ్చింది."

బస్తాలన్నీ పంచుకున్నాం. ఊరంతా నేరేడు రంగైపోయింది. ఎర్మెలిందా తన కోసం ఒక లిక్లా నేసుకుంది. లిక్లా అంటే మేం భుజాల మీద కప్పుకుని, వీపున పిల్లల్ని కట్టుకునే దుప్పటి. అంచున వాగు వంపుల్ని నేసింది. తన జీవితంలో అంత బాగా ఏదీ నేయలేదని ఆమే అంది. కాసిల్దా అప్పుడే పుట్టిన మనవరాలి కోసం ఒకటి నేసింది. మా ఊరి పిల్లలు అమ్మమ్మల వీపు మీద వేలాడుతూ లిక్లా అంచు చప్పరిస్తూ పెరుగుతారు. పళ్లు వచ్చే కాలంలో ఆ అంచు ఎప్పుడూ తడిగానే ఉంటుంది.

దారి బాగయ్యాక ఇంజనీరమ్మ వచ్చింది. తిన్నగా ఎర్మెలిందా ఇంటికి వచ్చి, చూరు కింద చూసి, "బస్తాలేవి?" అంది. సరిగ్గా అప్పుడే కాసిల్దా మనవరాలిని కట్టుకుని వాకిట్లోకి వచ్చింది. ఇంజనీరమ్మ ఆ రంగు చూసింది. పిల్ల నోట్లో అంచు చూసింది. అరుగు మీద కూలబడిపోయింది.

ఆమె ఎవరినీ తిట్టలేదు. మేం పెద్దావిడల్ని గౌరవంగా పిలిచినట్టే దోన్యా అని పిలిచి, నెమ్మదిగా చెప్పింది. "దోన్యా ఎర్మెలిందా, మీ నాలుక తప్పు చెప్పలేదు. మీ కొల్పాలో ఉండేది ఇనుము. ఈ ఉన్నిలోనూ ఇనుముంది. కానీ దాంతోపాటు సీసం ఉంది, ఆర్సెనిక్ ఉంది. వాటి రుచి నాలుకకి తెలియదు. పెద్దవాళ్ల కంటే పిల్లలకి ఎక్కువ చేటు. నోట్లో పెట్టుకుంటే కొద్దికొద్దిగా లోపలికి పోతాయి, ఎముకల్లో చేరతాయి. వెంటనే ఏమీ కనిపించదు. ఎందుకు వాడకూడదో ఆరోజే చెప్పాల్సింది నేను."

కాసిల్దా లిక్లా ముడి బిగించుకుంది. "మా పిల్ల గుమ్మడికాయలా ఉంది, చూడు. మా అమ్మలూ అమ్మమ్మలూ రాయినే నాకారు. నీ ఉన్ని నీకు దక్కలేదని ఇదా ఏడుపు?" అనేసి వెళ్లిపోయింది.

మొదటి బస్తా విప్పింది ఎర్మెలిందా. మొదటి కాగు తనదే. ఇప్పుడు ఊళ్లో ఎంతమంది పిల్లలు ఆ అంచుల్ని చప్పరిస్తున్నారో ఆమెకి ఇంటింటా తెలుసు. ఆ ఉన్ని వెనక్కి రాకపోతే తను బతికున్నన్నాళ్లూ చూస్తూ ఉండాలి, ఏ పిల్ల నడక ఆలస్యమవుతుందో, ఏ పిల్లకి మాట రాదో.

గ్రామసభ పెట్టారు. ఆ ఉన్నిని ఏం చేయాలన్నది మాట. విశ్వవిద్యాలయం వాళ్లు తీసుకోలేమన్నారట, పెట్టడానికి చోటు లేదట. కాలిస్తే పొగలో కలుస్తుంది. మిగిలింది ఒకటే దారి అంది ఇంజనీరమ్మ: వరద ఎక్కని చోట, గట్టి బంకమట్టి నేలలో గొయ్యి తీసి, సున్నం పరిచి, ఉన్ని వేసి, బంకమట్టితో మూసేయాలి. ఆ నేలలో ఇక పంట వేయకూడదు, గొర్రెల్ని మేపకూడదు.

"పూడ్చడమా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"ఎవరి నేలలో?" అని మరొకరు. దానికి మాత్రం ఎవరూ అరవలేదు. ప్లాసిదో టోపీ తీసి తల గోక్కుని, వచ్చే సభలో ఆలోచిద్దామన్నాడు.

ఎర్మెలిందా వచ్చే సభ దాకా ఆగలేదు. తన మందలోని గొర్రెలన్నిటికీ ఉన్ని కత్తిరించింది. ఇంకా చలి పోలేదు, కత్తిరించే కాలం కాదు. గొర్రెలు గజగజలాడుతూ ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డాయి. రాత్రిళ్లు వాటిని ఇంట్లోనే కట్టేసింది. ఆ ఉన్ని గాడిద మీద వేసుకుని ఇంటింటికీ బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను, ఆమె ఒక్కతే మోయలేకపోతోందని.

ప్రతి గడప ముందూ ఒకటే మాట. "నీ దగ్గరున్న నీళ్ల ఉన్ని నాకివ్వు. దానికి సరిపడా మంచిది ఇస్తాను. నేసిందైతే దానికి రెండింతలు."

కొందరు ఇచ్చారు. కొందరు తలుపు తీయలేదు. ఒకావిడ కిటికీలోంచే, "ముందు నువ్వే ఇచ్చావు, ఇప్పుడు నువ్వే లాక్కుంటున్నావు. నీకు మతి ఉందా దోన్యా?" అంది. "ఇచ్చినప్పుడు లేదమ్మా," అంది ఎర్మెలిందా. ఆవిడ కాసేపటికి తలుపు తీసింది.

ప్లాసిదో ఒక బస్తా ఈడ్చుకొచ్చి ముందు పెట్టాడు. ఎర్మెలిందా చెయ్యి పెట్టి చూసి వాసన చూసింది.

"ప్లాసిదో, ఇది నీ గాడిద జీను కింద ఉండే ఉన్ని."

"గాడిద మాత్రం ఏ నీళ్లు తాగింది దోన్యా? ఆ వాగు నీళ్లేగా!"

"అయితే గాడిదని కూడా తీసుకురా, పూడ్చేద్దాం."

ప్లాసిదో పగలబడి నవ్వాడు. ఆ రోజుల్లో ఆమె ఎదుట నవ్విన మనిషి అతనొక్కడే. తర్వాత లోపలికి వెళ్లి, కూతురు నేసుకున్న నేరేడు రంగు నడికట్టు తెచ్చి ఇచ్చాడు. బదులేమీ తీసుకోలేదు.

కాసిల్దా ఇల్లు చివరికి ఉంచుకుంది. వాకిట్లో పిల్ల లిక్లాలోనే ఉంది, అంచు నోట్లోనే ఉంది. ఎర్మెలిందా దగ్గర మిగిలిన ఉన్నంతా దించి అరుగు మీద పెట్టింది.

"అది నాకివ్వు కొమాద్రే."

"ఇవ్వను."

"నీ కాళ్లు పట్టుకుంటాను."

"పట్టుకో. వంగగలిగితే." కాసిల్దా అక్కడితో ఆగలేదు. "నీకేం పోయింది? నీకు పిల్లలా, మనవలా? ఇదొక్కటి చూసుకుని మురిసిపోతున్నాను, అదీ నీ కళ్లలో పడింది. నీ చేతులు వణుకుతున్నాయి. నాలా నేయలేకపోతున్నావని ఊరందరికీ తెలుసు. అందుకే ఇదంతా."

ఎర్మెలిందా చేతులు వణకడం నిజమే. ఆమె వాటిని లిక్లా కిందికి లాక్కుంది. తర్వాత, "పిల్లని నోట్లో పెట్టుకోనివ్వకు. ఆ ఒక్కటీ చెయ్యి," అని చెప్పి వచ్చేసింది. ఉన్ని అక్కడే వదిలేసింది.

గొయ్యి వాగుకి పైన, వాలు మీద తీసింది. ఇంజనీరమ్మ కొలతలు చూసింది, ప్లాసిదో పార పట్టాడు, నేను సున్నం మోశాను. చూడటానికి కొంతమంది వచ్చి దూరంగా గట్టు మీద కూర్చున్నారు. వాళ్లలో కాసిల్దా ఉంది. గోతిలో మొదట వేయాల్సింది ఏదని ఇంజనీరమ్మ అడిగితే, ఎర్మెలిందా భుజాల మీది లిక్లా తీసింది. వాగు వంపులు నేసిన తన లిక్లా. మడతలు సరిచేసి, గోతిలోకి దిగి, సున్నం మీద పరిచింది. పైకి రావడానికి ప్లాసిదో చెయ్యి ఇచ్చాడు. గట్టు మీద ఎవరో ఏడుపు మొదలుపెట్టారు, శవాన్ని దించినప్పుడు ఏడ్చినట్టే. కాసిల్దా లేచి వెళ్లిపోయింది.

ఆరోజు గొయ్యి మూయలేదు. ఇంకా రావలసిన ఉన్ని ఉందంటూ, మూయడానికి ఎర్మెలిందా ఒప్పుకోలేదు. పైన రేకు కప్పి ఉంచాం. తెల్లారి, మర్నాడు, ఆ మర్నాడు ఆమె వెళ్లి రేకు పక్కన కూర్చుని కదురు తిప్పుకునేది. దారం తెగేది, మళ్లీ అతికేది. వాన వస్తే గొయ్యి పాడవుతుందని ఇంజనీరమ్మ గొడవ పెట్టింది. ఎర్మెలిందా తల ఊపేది గానీ కదిలేది కాదు.

ఒక పొద్దున మేం వెళ్లేసరికి రేకు మీద ఒక మడత ఉంది. చిన్న లిక్లా, నేరేడు రంగుది. గాలికి పోకుండా పైన రాయి పెట్టి ఉంది. అంచు ఇంకా తడిగా ఉంది.

ఎర్మెలిందా ఆ అంచుని చేత్తో తడిమి చూసింది. గోతిలో వేసింది. ఆ రోజే మూసేశాం.

కాసిల్దా మనవరాలు ఇప్పుడు గొర్రెల వెనక పరిగెడుతోంది. మాటలు కూడా అమ్మమ్మవే, ఆపడం కష్టం. కాసిల్దా మాత్రం ఎర్మెలిందాతో ఇప్పటికీ మాట్లాడదు. దారిలో ఎదురైతే కళ్లు కిందికి దించుకుని పక్కకి తప్పుకుంటుంది. అది కోపమో, మరొకటో నాకు తెలియదు. ఎర్మెలిందా ఆగి, ఆమె దాటాక నడుస్తుంది.

పుకాయాకు ఇప్పటికీ ఎర్రగానే పుడుతుంది. సున్నపురాళ్లు దాటి, రెల్లు దాటి, ఉన్ని దాటి వచ్చేసరికి రంగు తేలిపోతుంది. ఆ నీళ్లు మనుషులు తాగడానికి పనికిరావు, ఎప్పటికైనా వస్తాయో రావో ఇంజనీరమ్మ కూడా చెప్పలేదు. గొర్రెలు తాగొచ్చంది. ఇప్పుడు మందల్ని కొండ దాటించడం లేదు. ఏటా తెరలు కడతాం, ఏటా తీస్తాం. తీసిన ఉన్నిని ఇప్పుడు ఎవరూ దువ్వరు, దాని కోసం పాత గొయ్యి పక్కనే కొత్త గొయ్యి తీస్తాం. పాత మాట మాత్రం కొండ దిగి సంతకి చేరింది, అక్కడే తిరుగుతోంది.

పూడ్చిన చోట ఒక్క దుంప మొక్క కూడా లేదన్నది నిజమే. ఆ వాలు నేల ఎర్మెలిందాది, ఆమెకున్న ఒకే ఒక్క దుంపల చేను. అందులో విత్తనం నాటడం ఆమె మానేసింది.